621 ఓట్ల అభ్యర్థి: ఫేనీ లూ హేమర్ జీవితం

1964 జూన్ 2వ తేదీన అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఒక ఎన్నిక జరిగింది. ఆ రాష్ట్రపు రెండవ నియోజకవర్గం నుండి అమెరికా ప్రతినిధుల సభకు డెమొక్రాటిక్ పార్టీ తరఫున ఎవరు నిలబడాలన్నది తేల్చే ఎన్నిక అది. పోటీలో ఉన్నవారు ఇద్దరు. ఒకరు ఇరవై రెండేళ్లకు పైగా ఆ స్థానాన్ని అంటిపెట్టుకొని ఉన్న జేమీ విట్టెన్. రెండవవారు పత్తిచేలలో పుట్టి పెరిగి, పన్నెండేళ్లకే బడి మానుకొన్న నల్లజాతి మహిళ ఫేనీ లూ హేమర్. లెక్కింపు ముగిసేసరికి విట్టెన్‌కు ముప్ఫై అయిదు వేలకు పైగా ఓట్లు వచ్చాయి. హేమర్‌కు లభించినవి 621.

ఆ 621లో ఒకటి ఆమె స్వయంగా వేసుకొన్న ఓటు. అప్పటికి ఆమె వయస్సు నలభై ఆరేళ్లు. జీవితంలో ఆమె వేసిన మొట్టమొదటి ఓటు అదే. ఆ ఒక్క ఓటు కోసం ఆమె బ్రతుకుతెరువును పోగొట్టుకొన్నారు, ఇల్లు విడిచారు, చెరసాలలో చావుదెబ్బలు తిన్నారు. ఎన్నికల గణితం ప్రకారం ఇంతటి ఘోర పరాజయం పొందిన వ్యక్తిని చరిత్ర ఎందుకు గుర్తుంచుకొన్నదో తెలుసుకోవాలంటే, ఆ ఓటు వెనుకనున్న జీవితాన్ని మొదటినుండి చూడవలసి ఉంటుంది.

పత్తిచేలలో బాల్యం

ఫేనీ లూ 1917 అక్టోబరు 6న మిసిసిపీలోని మాంట్‌గమరీ కౌంటీలో జన్మించారు. కౌంటీ అంటే మన జిల్లా వంటిదనుకోవచ్చు. తండ్రి జేమ్స్ లీ టౌన్‌సెండ్, తల్లి లూ ఎల్లా. వారి ఇరవైమంది సంతానంలో ఆమె కడగొట్టు బిడ్డ. ఆమెకు రెండేళ్ల వయస్సులో ఆ కుటుంబం డెల్టా ప్రాంతంలోని సన్‌ఫ్లవర్ కౌంటీకి తరలివెళ్లింది. నల్లరేగడి వంటి సారవంతమైన నేల, ఎటు చూసినా పత్తి, ఆ పత్తి మీద బ్రతికే వేలాది నల్లజాతి కుటుంబాలు, ఆ నేలను ఏలే కొద్దిమంది శ్వేతజాతి ఎస్టేటు యజమానులు. ఇదీ ఆనాటి డెల్టా స్వరూపం.

టౌన్‌సెండ్ దంపతులు పాలుకు సేద్యం చేసేవారు. భూమి యజమానిది, చాకిరీ వారిది. పంటలో సగం యజమానికి పోగా, మిగిలిన సగంలోనుండి విత్తనాల ఖర్చు, ఎరువుల ఖర్చు, ఎస్టేటు దుకాణంలో అప్పుగా తెచ్చుకొన్న తిండిగింజల ఖర్చు మినహాయించుకొనేవారు. లెక్క వ్రాసేది యజమాని. చదువురాని కూలీకి ఆ లెక్కను ప్రశ్నించే మార్గం లేదు. ఏడాదంతా కష్టించినా సంవత్సరాంతానికి చేతిలో మిగిలేది అప్పే.

ఫేనీ లూకు ఆరేళ్ల వయస్సులో జరిగిన ఒక సంఘటనను ఆమె జీవితాంతం తలచుకొనేవారు. రోడ్డు పక్కన ఆడుకొంటున్న ఆ పాపను యజమాని పిలిచి, పత్తి తీయగలవా అని అడిగాడు. వారంలో ముప్ఫై పౌన్ల పత్తి తీస్తే దుకాణం నుండి తినుబండారాలు ఇప్పిస్తానని ఆశపెట్టాడు. ఆ పసిపిల్లకు అటువంటి మిఠాయిలు ఎన్నడూ ఎరుక లేవు. ఆమె తీసింది, తిన్నది. మరుసటి వారం అరవై పౌన్లు తీయమన్నారు. ఆ విధంగా మొదలైన పని మరి ఆగలేదు. పదమూడేళ్ల నాటికి ఆమె రోజుకు రెండు మూడు వందల పౌన్ల పత్తి తీసేది. బాల్యంలో సోకిన పోలియో వలన కాలు కొంత ఈడ్చి నడిచేది. అయినా పనికి మినహాయింపు లేదు.

ఒక దశలో ఆ కుటుంబానికి కొంత వెసులుబాటు కలిగింది. తండ్రి ఎంతో పొదుపు చేసి మూడు కంచరగాడిదలను, ఒక ఆవును, కొన్ని సేద్యపు పనిముట్లను సమకూర్చుకొన్నాడు. పాలుకు చేసే బ్రతుకు వదలి సొంతంగా కౌలుకు తీసుకొందామని ఆయన సంకల్పం. ఒక రాత్రి ఎవరో వచ్చి పశువుల కుడితితొట్టిలో విషం కలిపారు. తెల్లవారేసరికి పశువులు చచ్చిపడి ఉన్నాయి. ఆ దెబ్బతో కుటుంబం మళ్లీ ఎన్నడూ కోలుకోలేదు. నల్లవాడు తలెత్తుకొంటే ఓర్వలేని లోకం ఒకటుందన్న సంగతి ఆ బాలికకు ఆ ఉదయమే బోధపడింది.

బడి ఉన్నది పొలంపనులు లేని నెలల్లోనే. ఏడాదికి సుమారు నాలుగు నెలలు. ఆ కాస్త చదువులోనే ఆమె చురుకైన విద్యార్థినిగా పేరు తెచ్చుకొన్నారు. పద్యాలు అప్పజెప్పడంలో, తప్పులు లేకుండా పదాలు వ్రాయడంలో దిట్ట. కాని పన్నెండేళ్లకు ఆ చదువు ముగిసింది. ఆ తర్వాత ఆమెకు అక్షరం అందించినది చర్చిలోని బైబిలు పఠనమే.

తూకపు రాయి

1940వ దశకం మధ్యలో ఆమె ట్రాక్టరు డ్రైవరైన పెర్రీ హేమర్‌ను వివాహమాడారు. రూల్‌విల్ అనే చిన్న పట్టణం దగ్గరి పత్తి ఎస్టేటులో దంపతులిద్దరూ పద్దెనిమిదేళ్లు పనిచేశారు. ఆమెకు చదవడం, వ్రాయడం వచ్చునని తెలిసి యజమాని ఆమెను లెక్కల పనికి నియమించాడు. కూలీలు ఎన్ని గంటలు పనిచేశారు, ఎంత పత్తి తీశారు అన్నది నమోదు చేయడం ఆమె బాధ్యత.

అక్కడ ఆమె ఒక మోసాన్ని కనిపెట్టారు. పత్తి తూచే కాటాకు వాడే రాయి సరియైన తూకానిది కాదు. కూలీ తెచ్చిన పత్తి ఎప్పుడూ తక్కువే తూగేది. ఎదిరించి మాట్లాడితే ఆ రోజుతోనే పని పోతుంది. అందుకని ఆమె ఒక ఉపాయం ఆలోచించారు. సరియైన తూకపు రాయిని తనతో తెచ్చుకొని, యజమాని దరిదాపుల్లో లేనప్పుడు దానిని మార్చి తూచేవారు. అతడు వస్తున్నాడంటే పాతరాయి తిరిగి కాటాకెక్కేది. తర్వాతి కాలంలో దేశాధ్యక్షుని సైతం కలవరపెట్టిన ఆమె రాజకీయం ఈ తూకపు రాయితోనే మొదలైనదంటే అతిశయోక్తి కాదు. తప్పు తూకాన్ని తప్పని తెలిసికొని, సరియైన తూకాన్ని పక్కన నిలబెట్టి చూపడం, ఇదే ఆమె జీవితకాలపు పద్ధతి అయింది.

1961లో కణితి తీయించుకోవడానికి వైద్యశాలలో చేరిన ఆమెకు, ఆమె అనుమతి లేకుండానే గర్భసంచిని తొలగించారు. పేద నల్లజాతి స్త్రీలకు ఆనాడు అక్కడ ఇటువంటి శస్త్రచికిత్సలు జరగడం పరిపాటి. ఆ దంపతులు ఇద్దరు బాలికలను దత్తత చేసుకొని పెంచారు. ఆ గాయాన్ని ఆమె దాచుకోలేదు. సభలలో బహిరంగంగా చెప్పారు.

పద్దెనిమిదిమంది ప్రయాణం

1962 ఆగస్టులో రూల్‌విల్‌లోని ఒక చర్చిలో సభ జరిగింది. విద్యార్థి అహింసా సమన్వయ సంఘానికి చెందిన జేమ్స్ ఫార్మన్, పౌరహక్కుల ప్రచారకుడు జేమ్స్ బెవెల్ ప్రసంగించారు. బెవెల్ నాష్‌విల్‌లో అహింసా పోరాట శిక్షణ పొందినవాడు. అతనికి ఆ శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ 1950వ దశకంలో మూడేళ్లపాటు మన నాగపూరులో అధ్యాపకుడుగా ఉండి గాంధీ మార్గాన్ని అధ్యయనం చేసినవాడు. ఈ విధంగా విదర్భ నుండి బయలుదేరిన ఒక భావధార మిసిసిపీ పత్తిచేలను చేరిందని చెప్పవచ్చు.

నల్లవారికి ఓటుహక్కు ఉన్నదన్న సంగతి ఆ సభలోనే ఆమె మొదటిసారి విన్నారు. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్లు నిండవస్తున్నాయి. సన్‌ఫ్లవర్ కౌంటీ జనాభాలో మూడింట రెండువంతులు నల్లవారు. కాని ఓటరు జాబితాలో ఉన్నవారు అర్హులైన నల్లవారిలో నూటికి ఇద్దరు కూడా లేరు. కాగితం మీద హక్కు 1870లోనే వచ్చింది. ఆచరణలో దానిని అడ్డగించడానికి రాష్ట్రం మూడు గోడలు కట్టింది. మొదటిది ఓటు పన్ను. రెండవది అక్షరాస్యతా పరీక్ష. రాష్ట్ర రాజ్యాంగంలోని ఏదో ఒక నిబంధనను ఎత్తివ్రాసి, దానికి నమోదు అధికారి మెచ్చేటట్లు వ్యాఖ్యానం వ్రాయాలి. మూడవది భయం. దరఖాస్తుదారు ఎక్కడ పనిచేస్తున్నాడో చెప్పాలి. అతని పేరును పత్రికలో ప్రకటిస్తారు. యజమానికి తెలిసిన మరుక్షణం పని ఊడుతుంది.

ఆగస్టు 31న పద్దెనిమిదిమంది ఒక పాత బస్సు ఎక్కి కౌంటీ కేంద్రమైన ఇండియనోలాకు వెళ్లారు. వారిలో ఫేనీ లూ ఒకరు. పరీక్షలో ఆమెకు చట్టపరమైన సూక్ష్మాంశాలతో కూడిన ఒక నిబంధన ఇచ్చారు. ఎత్తివ్రాయగలిగారు కాని వ్యాఖ్యానించలేకపోయారు. తిరుగుప్రయాణంలో పోలీసులు బస్సును ఆపారు. బస్సు రంగు మరీ పసుపుపచ్చగా ఉన్నదని, పాఠశాల బస్సును పోలి ఉన్నదని డ్రైవరుకు జరిమానా విధించారు. మొదట నూరు డాలర్లన్నారు, చివరకు ముప్ఫైకి దిగారు. ప్రయాణికులు తలా కొంత వేసుకొని కట్టారు. బిక్కుబిక్కుమంటున్న ఆ బస్సులో ఒక కంఠం చర్చిపాట అందుకొన్నది. అది ఫేనీ లూ కంఠం. పాటతో భయాన్ని చెదరగొట్టగల ఆ గొంతును ఉద్యమకారులు ఆనాడే గుర్తించారు.

ఇల్లు చేరేసరికి వార్త యజమానికి చేరిపోయింది. దరఖాస్తు వెనక్కు తీసుకో, లేదా వెళ్లిపో అన్నది అతని షరతు. తాను దరఖాస్తు చేసుకొన్నది అతని కోసం కాదని, తన కోసమని ఆమె బదులిచ్చారు. పద్దెనిమిదేళ్ల కొలువు ఆ రాత్రితో ముగిసింది. పంట ముగిసేవరకు భర్త అక్కడే ఉండవలసి వచ్చింది. ఆమె స్నేహితుల ఇంట తలదాచుకొన్నారు. పది రోజుల తర్వాత, సెప్టెంబరు 10 రాత్రి, దుండగులు ఆ ఇంటి మీద పదహారు గుండ్లు పేల్చారు. అదృష్టవశాత్తు ఆమె ఆ సమయానికి అక్కడ లేరు.

డిసెంబరులో ఆమె మళ్లీ పరీక్షకు వెళ్లారు. ఈసారి కూడా తప్పిస్తే మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటానని అధికారికి తెలియజేశారు. 1963 జనవరిలో ఉత్తీర్ణురాలైనట్లు తెలిసింది. అయినా ఆ ఏడు ఓటు వేయలేకపోయారు. రెండేళ్ల ఓటు పన్ను రసీదులు చూపమన్నారు. నిన్నమొన్నటివరకు ఓటరే కాని మనిషికి రసీదులెక్కడివి?

వైనోనా చెరసాల

ఆమె విద్యార్థి సంఘంలో కార్యకర్తగా చేరారు. ఊరూరా తిరిగి ప్రజలను నమోదుకు ప్రోత్సహించడం, పని పోగొట్టుకొన్న కుటుంబాలకు తిండి బట్ట సమకూర్చడం ఆమె దినచర్య అయింది. 1963 జూన్ 9న దక్షిణ కెరొలైనాలో శిక్షణ ముగించుకొని తోటివారితో బస్సులో తిరిగివస్తుండగా, వైనోనా పట్టణపు బస్టాండులో పోలీసులు వారిని నిర్బంధించారు. శ్వేతజాతీయులకు కేటాయించిన ఫలహారశాలలో కొందరు కూర్చోబోవడమే వారు చేసిన నేరం.

చెరసాలలో ఇద్దరు నల్లజాతి ఖైదీలకు లాఠీ ఇచ్చి ఆమెను కొట్టించారు. ఒకడు అలసిపోతే రెండవవాడు అందుకొన్నాడు. ఆ దెబ్బలకు ఆమె మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఒక కంటిలో నెత్తురు గడ్డకట్టింది. ఆ బాధ ఆమెను మరణపర్యంతం వదలలేదు. బృందంలోని పదిహేనేళ్ల బాలికను సైతం విడిచిపెట్టలేదు. జూన్ 12న వారు విడుదలయ్యారు. సరిగ్గా ఆనాటి తెల్లవారుజామునే జాక్సన్ నగరంలో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్ హత్యకు గురయ్యాడు. వైనోనా అధికారుల మీద కేంద్ర ప్రభుత్వం కేసు నడిపింది. శ్వేతజాతీయులతో నిండిన జ్యూరీ అందరినీ నిర్దోషులుగా వదలిపెట్టింది.

ప్రైమరీ పోరాటం

ఇక్కడ పాఠకులకు ఒక విషయం విశదీకరించాలి. మన దేశంలో పార్టీ టిక్కెట్టు ఎవరికివ్వాలో నాయకత్వం నిర్ణయిస్తుంది. అమెరికాలో ఆ నిర్ణయం ఓటర్లది. ప్రైమరీ అనే ప్రాథమిక ఎన్నికలో నెగ్గినవారే పార్టీ అభ్యర్థి. ఆనాటి దక్షిణాది రాష్ట్రాలలో రిపబ్లికన్ పార్టీ నామమాత్రం. అందువలన డెమొక్రాటిక్ ప్రైమరీలో గెలవడమంటే పదవిని గెలవడమే. నవంబరులో జరిగే అసలు ఎన్నిక లాంఛనం మాత్రమే. ఈ కారణం చేతనే 1944లో సుప్రీంకోర్టు కొట్టివేసేవరకు దక్షిణాదిలో ఆ ప్రైమరీలు శ్వేతజాతీయులకు మాత్రమే పరిమితమై ఉండేవి. తర్వాత ఆ పని ఓటు పన్ను, పరీక్ష, భయం చేసిపెట్టాయి.

1964 జనవరిలో అమెరికా రాజ్యాంగానికి 24వ సవరణ అమలులోకి వచ్చింది. కేంద్ర చట్టసభల ఎన్నికలలో ఓటు పన్ను రద్దయింది. ఒక గోడ కూలింది. ఆ వసంతంలోనే ఫేనీ లూ హేమర్ విట్టెన్‌పై పోటీకి నామపత్రం దాఖలు చేశారు. ఆమెతో బాటు మరి ముగ్గురు ఉద్యమ అభ్యర్థులు ఇతర స్థానాలకు నిలిచారు. వారిలో విక్టోరియా గ్రే సెనేటర్ జాన్ స్టెన్నిస్‌ను ఎదిరించారు.

విట్టెన్ సామాన్యుడు కాడు. దేశపు వ్యవసాయశాఖకు నిధులు కేటాయించే ఉపసంఘానికి అధ్యక్షుడు. పత్తి రైతుకు ఎంత రాయితీ, పేదలకు ఎంత ధాన్యం అన్నది ఆయన చేతిమీదుగా సాగేది. అదే కౌంటీలో వేలాది ఎకరాల ఎస్టేటు గల సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌లండ్ వంటి ఘనుల ప్రయోజనాలు ఆయన వద్ద భద్రం. ఆయనకెదురుగా నిలిచిన ఆమెకు ధనబలం లేదు, పత్రికల అండ లేదు. యువ కార్యకర్త చార్లెస్ మెక్లారిన్ ప్రచార నిర్వాహకుడు. చర్చిలే సభాస్థలులు, పాటలే ప్రచార సాధనాలు. బెదిరింపు ఫోన్లు నిత్యకృత్యం.

ఆమె ప్రచారం ఓటుహక్కుతో ఆగలేదు. ఆనాటికి పత్తి తీసే యంత్రాలు, కలుపుమందులు వచ్చి లక్షల చేతులకు పని లేకుండా చేస్తున్నాయి. పని పోయిన కూలీలకు ట్రాక్టరు నడపడంలో శిక్షణనిచ్చే పథకాన్ని విట్టెన్ అడ్డుకొన్నారని ఆమె పక్షం ఆరోపించింది. ఆ పథకం వలన పేద శ్వేతజాతీయులు కూడా లబ్ధి పొందేవారని గుర్తుచేసింది. నియోజకవర్గంలోని బీదలందరికీ, ఏ రంగువారైనా సరే, ప్రతినిధి లేడన్నదే ఆమె వాదన. తూకపు రాయి ఇక్కడ కూడా అదే.

ఫలితం మొదటే తెలిసినది. ఓటరు జాబితాలో తనవారు లేని చోట గెలుపు అసాధ్యమని ఆమెకూ తెలుసు. అయితే ఎందుకు నిలబడినట్లు? నల్లజాతి స్త్రీ ఒకరు కాంగ్రెస్‌కు పోటీ చేయవచ్చునని ప్రజలు కన్నులారా చూడాలి, అది మొదటి కారణం. రెండవది మరింత లోతైనది. నల్లవారు ఓటు వేయకపోవడానికి కారణం వారి అనాసక్తేనని రాష్ట్రం చెప్పుకొంటూ వచ్చింది. ఆ మాట అబద్ధమని రుజువు చేయాలంటే లెక్క కావాలి. 621 ఆ లెక్కలో మొదటి అంకె.

రెండవ అంకె ఆ శరదృతువులో వచ్చింది. నవంబరు ఎన్నికలో స్వతంత్రురాలిగా నిలబడనీయక అధికారులు ఆమె దరఖాస్తును త్రోసిపుచ్చారు. అప్పుడు ఉద్యమం తన సొంత ఎన్నికను నిర్వహించింది. చర్చిలలో, ఇళ్లలో పెట్టెలు పెట్టి, నమోదైనవారా కాదా అని చూడకుండా పెద్దలందరిచేత ఓటు వేయించారు. విట్టెన్ పేరు కూడా ఆ పత్రంలో ఉన్నది. ఆ ఎన్నికలో హేమర్‌కు 33 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. విట్టెన్‌కు నూరు కూడా దాటలేదు. అదే అభ్యర్థి, అదే నియోజకవర్గం. ఒక తూకంలో 621, మరొక తూకంలో 33 వేలు. ఏ రాయి దొంగదో దేశమే తేల్చుకోవాలి.

అట్లాంటిక్ సిటీ నుండి కాంగ్రెస్ గుమ్మం దాకా

ఈ రెండు అంకెల నడుమ ఆమెను ప్రపంచానికి పరిచయం చేసిన సంఘటన జరిగింది. శ్వేతజాతీయులకే పరిమితమైన రాష్ట్ర డెమొక్రాటిక్ పార్టీకి బదులుగా, 1964 ఏప్రిల్‌లో మిసిసిపీ ఫ్రీడం డెమొక్రాటిక్ పార్టీ ఏర్పడింది. ఆ వేసవిలో ఉత్తరాది నుండి సుమారు వేయిమంది విద్యార్థులు ఓటరు నమోదుకు తరలివచ్చారు. జూన్ 21న ఉత్తరాది నుండి వచ్చిన ఇద్దరు శ్వేతజాతి యువకులు, ఒక స్థానిక నల్లజాతి యువకుడు హత్యకు గురయ్యారు. ఆ నెత్తురు తడి ఆరకముందే, ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో జరిగిన పార్టీ జాతీయ మహాసభకు కొత్త పార్టీ ప్రతినిధులు వెళ్లి, అసలైన ప్రతినిధులం మేమేనని వాదించారు.

ఆగస్టు 22న అర్హతల సంఘం ఎదుట ఫేనీ లూ సాక్ష్యమిచ్చారు. కాగితం చూడకుండా, ఇండియనోలా బస్సును, ఎస్టేటు నుండి గెంటివేతను, వైనోనా చెరసాలను వరుసగా చెప్పుకొచ్చారు. టెలివిజన్‌లో ఆ సాక్ష్యం దేశమంతటా ప్రసారమవుతుండగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ హడావుడిగా పత్రికా సమావేశం ఏర్పాటు చేశాడు. కెమెరాలు అటు తిరిగాయి. దక్షిణాది శ్వేత ఓటర్లు దూరమవుతారని ఆయన బెంగ. కాని ఎత్తు పారలేదు. రాత్రి వార్తలలో ఆ సాక్ష్యం తిరిగి ప్రసారమై ఇంటింటికీ చేరింది.

పార్టీ పెద్దలు రాజీ ప్రతిపాదించారు. కొత్త పార్టీకి రెండు స్థానాలిస్తామని, ఆ ఇద్దరెవరో కూడా తామే చెబుతామని అన్నారు. మార్టిన్ లూథర్ కింగ్ వంటివారు సైతం అంగీకారం వైపు మొగ్గారు. ఫేనీ లూ ససేమిరా అన్నారు. రెండు కుర్చీల కోసం ఇంత దూరం రాలేదన్నది ఆమె అభిప్రాయం. ప్రతినిధులు రాజీని తిరస్కరించారు. ఆమె మొండితనం ఉద్యమానికి చేటన్నవారు ఆనాడున్నారు. ఎస్టేటు యజమాని షరతుకు లొంగనివారు పార్టీ షరతుకు లొంగుతారని ఆశించడం వారి పొరపాటు.

1965 జనవరి 4న కాంగ్రెస్ కొత్త సమావేశం మొదలైన రోజున ఫేనీ లూ హేమర్, విక్టోరియా గ్రే, ఆనీ డివైన్ అనే ముగ్గురు మహిళలు మిసిసిపీ సభ్యుల ఎన్నిక చెల్లదంటూ రాజధాని గుమ్మం ముందు నిలిచారు. నల్లవారిని మినహాయించి జరిగిన ఎన్నిక ఎన్నికే కాదన్నది వారి వాదం. న్యూయార్క్ సభ్యుడు విలియం ఫిట్స్ రయన్ సభలో అభ్యంతరం లేవనెత్తగా 149 మంది ఆయన పక్షాన నిలిచారు. వ్యతిరేకంగా 276 మంది. విట్టెన్ తదితరులు ప్రమాణస్వీకారం చేశారు. అయినా వివాదం విచారణకు వెళ్లింది. మిసిసిపీ అంతటా వందలమంది సామాన్యులు ప్రమాణపూర్వకంగా వాంగ్మూలాలిచ్చారు. సెప్టెంబరు 17న సభ 143కు 228 ఓట్లతో ఆ ఫిర్యాదును త్రోసిపుచ్చింది.

మళ్లీ ఓటమే. కాని అప్పటికే ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం మీద జాన్సన్ సంతకం చేసి ఉన్నాడు. ఆమె సాక్ష్యాన్ని తెరమరుగు చేయబోయిన ఆ చేతితోనే ఆ సంతకం జరగడం చరిత్రలోని వింత. ఆ చట్టానికి అలబామాలోని సెల్మా పోరాటం ప్రత్యక్ష కారణమైనా, మిసిసిపీ లెక్కలు దానికి బలమైన పునాది. 1964లో మిసిసిపీలో అర్హులైన నల్లవారిలో ఓటర్లుగా నమోదైనవారు నూటికి ఏడుగురు. 1967 నాటికి వారు నూటికి అరవైమంది అయ్యారు.

చివరి సంవత్సరాలు

1967లో పెంపుడు కుమార్తె డోరతీ అనారోగ్యం పాలైంది. దగ్గరలో చికిత్స దొరకక దూరాన ఉన్న మెంఫిస్ నగరానికి తీసుకొనిపోతుండగా మార్గమధ్యంలో కన్నుమూసింది. ఆమె ఇద్దరు పసిబిడ్డలను హేమర్ దంపతులే పెంచుకొన్నారు. మరుసటి ఏడు షికాగో మహాసభలో ఫేనీ లూ సంపూర్ణ ప్రతినిధిగా ప్రవేశించినప్పుడు సభికులు లేచి నిలబడి కరతాళధ్వనులు చేశారు. నాలుగేళ్ల క్రితం రెండు కుర్చీలకు కాదన్న మనిషికి అది దక్కిన గౌరవం.

ఓటు చేతికి వచ్చినా కడుపు నిండదని ఆమె గ్రహించారు. ఎస్టేటు దయ మీద బ్రతికే ఓటరును ఆకలితో భయపెట్టవచ్చు. అందుకని 1969లో నలభై ఎకరాలతో ఒక సహకార వ్యవసాయ క్షేత్రాన్ని ప్రారంభించారు. పందుల బ్యాంకు ఒకటి పెట్టారు. ఒక కుటుంబానికి ఈనవలసిన ఆడపందిని ఇస్తారు, పిల్లలు పుట్టాక అందులో కొన్నింటిని మరో కుటుంబానికి ఇవ్వాలి. ఆ క్షేత్రం ఆరువందల ఎకరాలు దాటింది. కాని నిధుల కొరత, ప్రకృతి వైపరీత్యాలు, ఆమె అనారోగ్యం తోడై 1970వ దశకం మధ్యలో మూతపడింది. 1971లో రాష్ట్ర సెనేట్‌కు పోటీ చేశారు. అందులోనూ ఓడిపోయారు. ఆ ఏడాదే జాతీయ మహిళా రాజకీయ వేదిక స్థాపకులలో ఒకరయ్యారు.

1977 మార్చి 14న, మౌండ్ బయూలోని వైద్యశాలలో, యాభై తొమ్మిదవ యేట ఆమె తుదిశ్వాస విడిచారు. క్యాన్సరు, రక్తపోటు, చెరసాల దెబ్బలు ఆ శరీరాన్ని అప్పటికే కృశింపజేశాయి. ఆస్తి ఏమీ మిగల్చలేదు. రూల్‌విల్‌లో జరిగిన అంత్యక్రియలలో ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి ఆండ్రూ యంగ్ ప్రసంగించారు. సహకార క్షేత్రం నేలలోనే ఆమెను ఖననం చేశారు.

విట్టెన్ 1995 జనవరి వరకు, యాభై మూడేళ్లపాటు, సభ్యుడుగా కొనసాగారు. అయితే డెల్టా ప్రాంతం ఆయన చేతినుండి జారిపోయింది. హద్దులు మార్చిన రెండవ నియోజకవర్గం నుండి 1986లో మైక్ ఎస్పీ అనే నల్లజాతి యువ న్యాయవాది ఎన్నికయ్యారు. నూరేళ్లకు పైగా మిసిసిపీ నుండి నల్లజాతి సభ్యుడెవరూ ఆ సభలో అడుగుపెట్టలేదు. 2012లో రూల్‌విల్‌లో ఆమె విగ్రహం వెలిసింది. 2025 జనవరిలో అధ్యక్షుడు జో బైడెన్ ఆమెకు మరణానంతరం దేశపు అత్యున్నత పౌర పురస్కారాన్ని ప్రకటించారు.

ఆమె ఏ చట్టసభలోనూ కూర్చోలేదు. పోటీ చేసిన ప్రతి అధికారిక ఎన్నికలోను ఓడిపోయారు. కాని ఓడిన అభ్యర్థికి కూడా ఒక కర్తవ్యం ఉన్నదని ఆమె నిరూపించారు. ఎన్నిక న్యాయంగా జరగని చోట ఓటమిని లెక్కకట్టి చూపడం, ఆ లెక్కను మరువనీయకపోవడం ఆ కర్తవ్యం. ఎస్టేటు కాటా దగ్గర దొంగరాయిని మార్చిన చేయి, చివరకు రాష్ట్రపు కాటానే సరిచేయించింది. ఆ 621 మంది ఎవరెవరో చరిత్రకు తెలియదు. వారిలో ప్రతి ఒక్కరూ ఆనాడు పని పోతుందని, ప్రాణం పోతుందని తెలిసి కూడా ఇల్లు వదలి పోలింగు కేంద్రానికి నడిచి వెళ్లినవారని మాత్రం తెలుసు.